రెండోసారి నీళ్ళు

పెళ్ళికొడుకు మేనత్త ఆ మాట అనేసరికి తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పండమ్మా," అన్నాడు.

"అదేనండి అన్నయ్యగారూ. మీ అమ్మాయి బాప్తిస్మం కాగితం పట్టుకుని వచ్చే శనివారం నాలుగింటికి రమ్మన్నారు మా ఫాదర్ గారు. అది చూసుకుని, ఆ తర్వాత మా గుళ్ళో మళ్ళీ నీళ్ళు పోస్తారు. పెద్ద హడావిడేం ఉండదు. తల మీద మూడుసార్లు. అయిదు నిమిషాల పని."

"మా అమ్మాయికి అయిపోయిందిగా."

"అయిందనుకోండి. మీ తొట్టిలో ముంచింది మా కతోలికుల దగ్గర చెల్లదు కదా!"

ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. పోయిన నెల పాసు ఈ నెల చెల్లదని చెప్పే బస్సు కండక్టరు గొంతు అది. అందుకే తాళాలాయనకి కోపం చూపించడానికి చోటు దొరకలేదు.

ఆవిడ సంచిలోంచి ఒక బరువైన పాత తాళం తీసి బల్ల మీద పెట్టింది. దాని తాళంచెవిని ఎర్ర దారంతో తాళానికే కట్టి ఉంచింది.

"పనిలో పని, ఇదొకటి చూడండి. మా అత్తగారి ఇనపపెట్టెది. తాళంచెవి తిరిగి చావట్లేదు. కొత్తది చేసి పెట్టండి. సోమవారం కాకపోతే ఆపై సోమవారం వచ్చి తీసుకుంటా."

"ఆపై సోమవారం," అన్నాడు తాళాలాయన.

ఆయన కొట్టు నాలుగడుగుల వెడల్పు. వెనక గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు. బల్ల అంచుకి తాళంచెవుల్ని బిగించి పట్టే వైసు, దాని కింద ఎప్పుడూ సన్నటి ఇత్తడి పొడి. సోమవారం నుంచి శనివారం దాకా ఇదీ ఆయన పని. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని, రెండు వీధుల అవతల మేడ మీద హాల్లో నలభై మందికి వాక్యం చెబుతాడు. జీతం లేని పాస్టరు. హాలు వెనక ఒక సిమెంటు తొట్టి ఉంది. దాన్ని ఆయనే కట్టించాడు. ఆరేళ్ళ కిందట, పదిహేడేళ్ళ కూతురు "నాన్నా, నేను సిద్ధంగా ఉన్నాను" అంటే, ఆ తొట్టిలో నడుం లోతు నీళ్ళలో నిలబడి, తన రెండు చేతులతో ఆ పిల్లని ముంచి లేపాడు. పుట్టినప్పుడు కూడా అంత సంతోషపడలేదని ఇప్పటికీ అంటాడు.

ఆ చేతులు చెల్లవన్నమాట.

* * *

"నేను పెళ్ళికి రాను," అన్నాడు ఆ సాయంత్రం.

భార్య కుట్టు మిషన్ దగ్గర ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. తల ఎత్తలేదు. కూతురు అప్పుడే కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చింది. రోజంతా లెన్సులు అరగదియ్యడం వల్ల వేళ్ళ చివర్లు తెల్లగా ఉన్నాయి.

"ఎవరి పెళ్ళికి?" అంది.

"నీ పెళ్ళికే. వాళ్ళు నీకు మళ్ళీ నీళ్ళు పోస్తారట."

కూతురు బ్యాగు కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. ఎనిమిది నెలలు పట్టింది నాన్నని ఒప్పించడానికి. అబ్బాయి లిఫ్టు మెకానిక్. నెమ్మదస్తుడు. ఆదివారం పొద్దున పూజకి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి నాన్న కొట్టుకి పాత లిఫ్టు తలుపుల తాళాలు తెచ్చిచ్చేవాడు. వాటిని విప్పుకుంటూ ఇద్దరూ గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. అలా ఒప్పుకున్నాడు నాన్న. ఒక్క షరతు పెట్టాడు: "నా కూతురు ఎవరి ముందూ తన విశ్వాసం తప్పని ఒప్పుకోకూడదు."

"నాన్నా, ఆయన నాకా మాట ఎప్పుడూ చెప్పలేదు."

"వాళ్ళ మేనత్త చెప్పింది."

"ఆవిడ లిఫ్టు ఎక్కితే కళ్ళు తిరుగుతాయని అయిదంతస్తులు మెట్లెక్కే మనిషి. ఆవిడ మాట..."

"మాట మార్చకు. పోస్తానంటే పోయించుకుంటావా?"

కూతురు కాసేపు తన వేళ్ళ చివర్ల వంక చూసుకుంది. "పోయించుకోను. మీరు ముంచిందే నాకు బాప్తిస్మం. అలా పోస్తేనే పెళ్ళంటే నేనీ పెళ్ళి చేసుకోను. మీరు రాకపోయినా చేసుకోను. సరేనా?"

గొంతు పెంచకుండానే అంది. లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

మిషన్ ఆగింది. "పిల్లని ఏడిపించారు," అంది భార్య.

"నేనా? వాళ్ళా?"

ఆవిడ దారం కొరికి, ప్యాంటు రెండో కాలు సూది కింద పెట్టింది.

* * *

మంగళవారం అబ్బాయి ఫోన్ చేశాడు. అత్త మాట తనకి తెలియదన్నాడు. ఫాదర్ గారిని అడిగితే, "శనివారం రమ్మను, కూర్చుని మాట్లాడుకుందాం" అని మాత్రమే అన్నారట. ఇంకొకటి కూడా అన్నారు. కాగితంతోపాటు బాప్తిస్మం కళ్ళతో చూసిన మనిషి ఒకరు రావాలి.

"సాక్షి కావాలట!" అన్నాడు తాళాలాయన ఫోన్ పెట్టేసి. "నేను ఏదో దొంగతనం చేసినట్టు."

కూతురి బాప్తిస్మానికి సాక్షులుగా సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరు. ఒకాయన చనిపోయాడు. రెండో మనిషి భార్యే.

"నేనొస్తాను లెండి," అంది ఆవిడ.

తాళాలాయన ఆ మాటకి కొంచెం ఇబ్బంది పడ్డాడు. ఎందుకంటే ఆవిడ పుట్టింది కతోలిక ఇంట్లో. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆయన్ని చేసుకోవడానికి అన్నీ వదిలేసి వచ్చింది. అప్పటికింకా తొట్టి లేదు. ఊరి చివర కాలువలో, పెళ్ళికి పది రోజుల ముందు, ఆయనే ముంచాడు. ఆయన చేతులతో ముంచిన మొదటి మనిషి ఆవిడే. ఏడాదికి ఒకసారైనా ఆదివారం ఆ సాక్ష్యం చెబుతాడు: "మన పాస్టరమ్మగారు విగ్రహాల దగ్గర నుంచి, జపమాలల దగ్గర నుంచి ఎలా బయటికొచ్చారంటే..." ఆవిడ రెండో వరసలో చివరి కుర్చీలో కూర్చుని వింటుంది. అంతా తిరిగి చూస్తే చిన్నగా నవ్వుతుంది.

అప్పటి నుంచీ ఆవిడ కతోలిక గుడి గడప తొక్కలేదు.

ఆ వారం తాళాలాయన యుద్ధానికి సిద్ధమయ్యాడు. వాడేసిన కవరు వెనక ఏడు ప్రశ్నలు రాసుకున్నాడు. ఒకటి: మరియమ్మని ఎందుకు పూజిస్తారు? రెండు: పోపు గారు పాపమే చెయ్యరని అంటారట, నిజమేనా? మూడు: ఫాదర్ చెవిలో చెబితే పాపం పోతుందా, పోతే మళ్ళీ చెయ్యొచ్చా? అలా ఆరు దాకా చకచకా వచ్చాయి. ఏడోది మాత్రం రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.

నా చేతులకి ఏం తక్కువ?

* * *

శనివారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ. కవరు పై జేబులో ఉంది. చంకలో బాప్తిస్మాల పుస్తకం. నీలం అట్ట, గళ్ళు గీసిన పేజీలు, నలభై మూడు పేర్లు. తన సంఘంలో ముంచిన ప్రతి మనిషికీ ఒక వరస: తేదీ, స్థలం, సాక్షులు, ఎక్కడి నుంచి వచ్చారు.

ఫాదర్ గారి ఆఫీసుకి గుడి పక్క తలుపులోంచి దారి. ఆ తలుపు దగ్గర గోడకి చిన్న రాతి గిన్నె, అందులో లోపలికి వెళ్ళేవాళ్ళు వేళ్ళు తడిపి సిలువ గుర్తు వేసుకునే నీళ్ళు. ముందు కూతురు, అబ్బాయి లోపలికి వెళ్ళారు. వాళ్ళ వెనక భార్య.

తాళాలాయన ఆ చిన్న సంగతి చూశాడు. ఆయన కన్ను అలాంటిది. తాళం కన్నంలో ఇరుక్కున్న దుమ్ము కూడా కనిపిస్తుంది. భార్య కుడిచెయ్యి దానంతట అదే లేచి గిన్నె వైపు వెళ్ళింది. వేళ్ళు నీళ్ళకి అంగుళం దూరంలో ఆగాయి. చెయ్యి వెనక్కి వచ్చి చీర కొంగు పట్టుకుంది.

ఆయన పుస్తకాన్ని చంకలో బిగించి వాళ్ళ వెనకే లోపలికి వెళ్ళాడు.

ఆఫీసులో ఫాదర్ గారు ఇనప బీరువాతో కుస్తీ పడుతున్నారు. పొట్టి మనిషి, బట్టతల, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. తాళంచెవి అటు తిప్పుతారు, ఇటు తిప్పుతారు, మోకాలితో తలుపుని ఒక తన్ను తంతారు.

"రండి రండి, పాస్టర్ గారూ, కూర్చోండి. ఒక్క నిమిషం. రిజిస్టర్లు ఇందులోనే ఉన్నాయి."

పాస్టర్ గారూ! తాళాలాయన ఆ పిలుపు ఊహించలేదు. అయినా తన్నులు తింటున్న తాళాన్ని చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు.

"తన్నకండి. తలుపు కిందికి జారింది. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి, అప్పుడు తిప్పండి."

ఫాదర్ గారు ఎత్తారు, తిప్పారు. బీరువా తెరుచుకుంది.

"మూడేళ్ళుగా తన్నుతున్నాను దీన్ని!"

"పరలోకం తాళంచెవులు మీ దగ్గరే ఉన్నాయంటారు," అన్నాడు తాళాలాయన. "బీరువాకి మాత్రం తన్నులా?"

కూతురు కళ్ళు మూసుకుంది. ఫాదర్ గారు మాత్రం పగలబడి నవ్వారు.

"అవి రోములో పెద్దాయన దగ్గర ఉన్నాయండీ. నాకిచ్చింది ఈ బీరువాది."

"ఆ పెద్దాయన పాపం చెయ్యరటగా?" కవరు బయటికి వచ్చేసింది. రెండో ప్రశ్న ముందు పడింది.

"ఎవరు చెప్పారు? ఆయనా వెళ్ళి ఇంకో ఫాదర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తన పాపాలు చెప్పుకుంటారు. విశ్వాసం గురించి సంఘమంతటికీ తీర్పుగా ఒక మాట ప్రకటిస్తే, అందులో తప్పు రాకుండా దేవుడు కాస్తాడని మా నమ్మకం. అలాంటి ప్రకటన ఏ వందేళ్ళకో ఒకటి వస్తుంది. పొద్దున లేచి వాన పడుతుందంటే పడాలని లేదు."

"మరి పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పోయింది కదా అని మళ్ళీ చేస్తేనో?"

"మళ్ళీ చెయ్యాలని మనసులో పెట్టుకుని చెప్పుకుంటే అది పోనే పోదు. దొంగిలించిన వస్తువు తిరిగి ఇవ్వకుండా క్షమాపణ అడిగితే, ముందు ఇచ్చి రా నాయనా అంటాం." ఫాదర్ గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"అయిదు."

"అన్నీ చెబుతాను. ఆ చివర్న ఏదో కొట్టేసి మళ్ళీ రాసినట్టుంది, అదేంటి? ముందు అది అడగండి. మీరొచ్చింది దాని కోసమేలా ఉంది."

తాళాలాయన కవరు మడత పెట్టాడు. చదవకుండానే అడిగాడు.

"నేను నా కూతుర్ని ముంచాను. మీరు మళ్ళీ పోస్తామంటున్నారు. నా చేతులకి ఏం తక్కువ?"

ఫాదర్ గారు అబ్బాయి వైపు తిరిగారు. "ఎవరు చెప్పారు మళ్ళీ పోస్తామని?"

"మా అత్త, ఫాదర్."

"మీ అత్తా!" ఆయన నుదురు రుద్దుకున్నారు. "పాస్టర్ గారూ, తప్పు ఆవిడది కాదు, మాదే. అరవై డెబ్భై ఏళ్ళ కిందట ఇటువైపు వచ్చినవాళ్ళకి మా వాళ్ళు చాలాచోట్ల మళ్ళీ పోసేవారు. ముందు జరిగింది సరిగ్గా జరిగిందో లేదో అనుమానం ఉంటేనే పొయ్యాలి. అనుమానం లేకపోయినా పోసేశారు. ఆవిడ చిన్నప్పుడు అది చూసి ఉంటుంది. మా లెక్కలో బాప్తిస్మం ఒక్కసారే. నీళ్ళు ఉండాలి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఆ మూడు పేర్లూ పలకాలి, క్రైస్తవ సంఘం చేసే పనే చేస్తున్నానన్న ఉద్దేశం ఉండాలి. అంతే. ప్రాణం పోతున్న పసిబిడ్డకి ఆస్పత్రి నర్సు పోసినా అది బాప్తిస్మమే. చేతులు ఎవరివని మేం చూడం."

"చూడరా?"

"చూడం. రేపు మీ అమ్మాయే వచ్చి, 'ఫాదర్, నాకు మళ్ళీ పొయ్యండి' అని బతిమాలినా పొయ్యను. పోస్తే తప్పు చేసినవాణ్ణవుతాను. మొదటిసారి దేవుడు చెయ్యలేకపోయాడు, రెండోసారి నేను సరిచేస్తున్నాను అన్నట్టు ఉంటుంది. కాగితం అడిగింది కూడా పెళ్ళికి అనుమతి రాయించడానికే. నీళ్ళ కోసం కాదు."

తాళాలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల పెదవులు నవ్వుని ఆపుకోలేక వణుకుతున్నాయి.

"ఒక్కటి మాత్రం దాచకుండా చెబుతాను," అన్నారు ఫాదర్ గారు. "అబ్బాయి నాకొక మాట ఇవ్వాలి. పిల్లలు పుడితే మా విశ్వాసంలో పెంచడానికి తన చేతనైనంత చేస్తానని. అమ్మాయి ఏ మాటా ఇవ్వక్కర్లేదు. కానీ ఈ సంగతి ఆమెకి తెలిసి ఉండాలి."

"నాకది నచ్చలేదు," అన్నాడు తాళాలాయన.

"నచ్చుతుందని నేనూ అనుకోలేదు."

"మాకు తెలుసు నాన్నా," అంది కూతురు. "మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఇంకా మాట్లాడుకుంటాం."

తాళాలాయన తల పంకించాడు. అది వేరే పోట్లాట. ఇవాళ్టిది కాదు.

* * *

ఫాదర్ గారు నీలం పుస్తకం అందుకున్నారు. చివరి పేజీలో కూతురి వరస దొరికింది. తేదీ, స్థలం, సాక్షులు. 'ఎక్కడి నుంచి' అన్న గడిలో 'మన ఇంటి నుంచి' అని గుండ్రటి అక్షరాలతో ఉంది. ఆయన అది చూసి చిన్నగా నవ్వి, ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టారు.

"ఇందులో అన్నీ ఉన్నాయి. ఏ పేర్లతో ముంచారన్నది మాత్రం లేదు. కొన్ని సంఘాల్లో ఒక్క పేరుతోనే ముంచుతారు. అందుకే సాక్షి కావాలన్నాను." భార్య వైపు తిరిగారు. "అమ్మా, మీరు అక్కడే ఉన్నారా?"

"తొట్టి పక్కనే నిలబడ్డాను ఫాదర్. తువ్వాలు నా చేతిలోనే ఉంది."

"ఏం పలికారో గుర్తుందా?"

"మూడు పేర్లూ పలికారు. బాగా గుర్తుంది."

"ఆరేళ్ళయింది కదా. ఎలా అంత కచ్చితంగా..."

"నన్ను కాలువలో ముంచినప్పుడు కూడా అవే పలికారు ఫాదర్. అప్పుడు అనుకున్నాను, ఇవి నేను చిన్నప్పటి నుంచి విన్న పేర్లేగా అని. అమ్మాయికి కూడా అవే వినేసరికి మళ్ళీ అదే అనుకున్నాను. అందుకే గుర్తుండిపోయింది."

ఫాదర్ గారి కలం ఆగింది.

"మీకు చిన్నప్పుడే..."

"పుట్టిన ఎనిమిదో రోజున. మా అమ్మ గుడికి ఎత్తుకెళ్ళి నీళ్ళు పోయించింది."

ఆవిడ మామూలుగానే చెప్పింది. బజారుకి వెళ్ళొచ్చానన్నట్టు. ఫాదర్ గారు మిగిలింది రాసుకున్నారు. పుస్తకం మూసి తాళాలాయనకి ఇవ్వబోతుంటే మొదటి పేజీ తెరుచుకుంది. మొదటి వరస, భార్య పేరు. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడి ఉత్సాహంతో నొక్కి రాసిన అక్షరాలు. 'ఎక్కడి నుంచి' అన్న గడిలో ఒకే ఒక్క మాట.

చీకటి.

ఫాదర్ గారి చూపు అక్కడ ఒక్క క్షణం నిలిచింది. తర్వాత అట్ట మూసి, పుస్తకాన్ని రెండు చేతులతో అందించారు. ఒక్క మాట అని ఉంటే తాళాలాయన తిరిగి నాలుగు మాటలు అనేవాడు. దెబ్బలాటకి కవరు నిండా సరుకు ఉంది. ఫాదర్ గారు అనలేదు. అదే తట్టుకోలేకపోయాడు.

మొదటిసారి దేవుడు చెయ్యలేకపోయాడు, రెండోసారి నేను సరిచేస్తున్నాను.

మిగతా ప్రశ్నలు అడగకుండానే లేచాడు.

* * *

పిల్లలిద్దరూ బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆయనా ఆవిడా నడుచుకుంటూ బయలుదేరారు. రెండు వీధులు దాటారు.

"చిన్నపిల్లలకి పొయ్యడం నేను ఒప్పుకోను," అన్నాడు తాళాలాయన ఉన్నట్టుండి. "ఇప్పటికీ ఒప్పుకోను. నమ్మినవాడు తనంతట తాను అడిగి తీసుకోవాలి."

"మిమ్మల్ని ఒప్పుకోమని ఎవరన్నారు?"

ఇంకో పది అడుగులు.

"కాలువలో నీకెలా అనిపించింది?"

"చలేసింది."

"వేళాకోళం కాదు."

"నిజంగానే చలేసిందండీ. పొద్దున్నే కదా. మీరు తువ్వాలు తేవడం మర్చిపోయారు. అందుకే అమ్మాయప్పుడు నేనే తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను."

తాళాలాయన ఆగాడు. పక్కన మూసిన షాపు షట్టరు. అలవాటుగా దాని తాళం వైపు చూసి, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

"తనంతట తాను అడగాలని నలభై మందికి ప్రతి ఆదివారం చెబుతాను. నువ్వు అడిగావా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. దెప్పాలని కాదు, సరిగ్గా చెప్పాలని.

"పెళ్ళికి ఇష్టమేనా అని మీరడిగారు. ఇష్టమే అన్నాను. నీళ్ళు అందులో ఒక భాగం అనుకున్నాను."

"అంటే నేను అడగలేదు."

"లేదు."

"ఇన్నేళ్ళలో చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? ప్రతి ఏడూ అందరి ముందూ అంత సంతోషంగా సాక్ష్యం చెబుతుంటే! మా అమ్మకి కూడా చెప్పలేదు. ఆ రోజు తల తడిసి ఇంటికెళితే, వాన్లో చిక్కుకున్నావా అంది. అవునన్నాను. బయట ఎండ కాస్తోంది. ఆవిడ కిటికీలోంచి చూసింది, నన్ను చూసింది, తువ్వాలు తెచ్చి తల తుడిచింది."

తాళాలాయన పుస్తకాన్ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. బరువు లేని పుస్తకమే.

"మీ మీద నాకు కోపం లేదు," అంది ఆవిడ. "మన హాలు నాకిష్టం. అక్కడి పాటలు ఇష్టం. వెనక్కి పోతానని కూడా అనట్లేదు. కానీ నేను ఎనిమిదో రోజునే దేవుడికి తెలుసు. ఆ సంగతి నాకెప్పుడూ తెలుసు. అంతే. పదండి, ఆ ప్యాంటు ఇంకా కుట్టాలి."

* * *

సోమవారం మేనత్త వచ్చింది. తాళాలాయన తాళం తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర దారం కొసన పాత తాళంచెవే ఉంది.

"కొత్తది చెయ్యలేదా అన్నయ్యగారూ?"

"అక్కర్లేదమ్మా. మీ తాళంచెవి నిక్షేపంలా ఉంది. లోపల మడ్డి పట్టింది. విప్పి, తుడిచి, పెన్సిలు ములుకు పొడి వేశాను. తిప్పి చూడండి."

వేలితో అలా తిప్పేసరికి తాళం తెరుచుకుంది. ఆవిడ మళ్ళీ మూసింది, మళ్ళీ తెరిచింది.

"అమ్మాయి నీళ్ళ సంగతి ఏమైంది మరి?"

"పొయ్యరట."

"అదేంటి! పొయ్యకుండా ఎలా కుదురుతుంది?"

"మీ చర్చి ఒప్పుకోదమ్మా. బాప్తిస్మం ఒక్కసారే. మూడు పేర్లు, నీళ్ళు, ఉద్దేశం. అవి ఉంటే పోసిన చేతులు ఎవరివైనా ఒకటే. రెండోసారి పోస్తే తప్పు."

మేనత్త నోరు తెరిచింది. "మా సంగతులు మీరు నాకు చెబుతున్నారా?"

"నేనూ మొన్ననే నేర్చుకున్నాను. పోపు గారు కూడా పాపాలు చెప్పుకుంటారట, తెలుసా?"

"అది నాకు తెలుసు లెండి!" అంది ఆవిడ. తెలియదని మొహంలో కనిపిస్తూనే ఉంది. "నేను మా ఫాదర్ గారినే అడుగుతా."

"అడగండి. బీరువా తన్నుతున్నారేమో చూసి వెళ్ళండి."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళింది. సందు మలుపు దాకా తాళం టిక్కు టిక్కుమని తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం తాళాలాయన తొందరగా ఇంటికొచ్చాడు. నీలం పుస్తకం తీసి కుట్టు మిషన్ బల్ల చివర, కత్తెర పక్కన పెట్టాడు. మొదటి పేజీ తెరిచాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఒక కంటితో చూసింది.

"నా పేరు కొట్టెయ్యకండి. ఆ రోజు చలిలో ఊరికే నిలబడలేదు నేను."

"పేరు కొట్టను."

గీతబద్ద పెట్టి, 'చీకటి' అన్న మాట మీదుగా ఒక్క గీత గీశాడు. సన్నటి గీత. కింది మాట ఇంకా చదవొచ్చు. అలా ఉండాలనే గీశాడు. తర్వాత కలం పట్టుకుని కూర్చున్నాడు. ఆ గడి చిన్నది. రెండు మాటలకి మించి పట్టదు.

"ఎక్కడి నుంచి అని రాయను?"

ఆవిడ దారం లాగి ముడి వేసింది. ఈసారి తొందరపడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అడిగిన ప్రశ్న కదా.

"మా అమ్మ ఒళ్ళోంచి అని రాయండి," అంది.

ఆయన అక్షరాలు చిన్నవి చేసి, గీత పక్కనే ఇరికించి రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. మిషన్ మళ్ళీ మొదలైంది.